రేవుదిబ్బ ఖాళీగా ఉన్న పదకొండు రోజులు

తాడేపల్లిగూడెం,
17 ఫిబ్రవరి 1936

నాయనా రాజరత్నం,

ఇక్కడ నేను లేచి తిరుగుతున్నాను. అక్కడ నువ్వూ ప్రభావతీ పిల్లలిద్దరూ బాగున్నారని తలుస్తాను.

నువ్వు ఏలూరు రైలెక్కిన దగ్గర్నుంచి ఉత్తరం రాయాలనే ఉంది. కలం పట్టుకుంటే నీ తమ్ముడి పేరే వస్తోంది. ఒక కాగితం అలాగే పాడుచేశాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. దొరసాని గారి బడిలో నేను చదివింది రెండేళ్ళే. మిగతాదంతా నీకు ఉద్యోగం వచ్చాక, నీకు రాయడం కోసం దిద్దుకున్నదే.

సత్యానందం చొక్కా ఇంకా దండెం మీదే ఉంది. కొల్లేటి నుంచి పెద్దింటయ్య పడవ దిగి, ఒళ్ళు కాలిపోతోందమ్మా అంటూ విప్పి వేసినది. మొన్న ఉతుకుదామని తీశాను. దిబ్బ నుంచి వచ్చిన మంగమ్మ చూసి, ఉతకొద్దు అక్కా, ఆ చేపల వాసన వాడిదే కదా అంది. మళ్ళీ దండెం మీదే వేశాను. పందొమ్మిదేళ్ళవాడు తొమ్మిది రోజుల జ్వరానికి వెళ్ళిపోయాడంటే నాకింకా నమ్మకం కుదరడం లేదు. పొద్దున్నే కాలవలో పడవ గెడ చప్పుడైతే లేచి కూర్చుంటున్నాను.

భూస్థాపన అయ్యాక నువ్వు రెండు రోజులే ఉన్నావు. ఆఫీసు వాళ్ళు అంతకంటే సెలవివ్వరు కదా. అందుకని తర్వాత సంగతులు నీకు తెలియవు. మీ నాన్న పోయాక నిన్ను చదివించడానికి నేను రేవుదిబ్బ మీద చేపలు ఎండబెట్టడం మొదలుపెట్టి పదిహేనేళ్ళయింది. అక్కడ ఎవరింట్లో మనిషి పోయినా ఇరవై ఇద్దరమూ ఎవరి చోట వాళ్ళు తట్ట బోర్లించి, పదకొండు రోజులు చేప పరచకుండా వెళ్ళిపోతాం. నీకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఆనవాయితీయే. కానీ మనం క్రీస్తువాళ్ళం. ఆ దిబ్బ మీద మన ఇల్లొక్కటే అలాంటిది. మనకి పదకొండో రోజు లేదు, మూడో నాడే పరుచుకోండి, మీ కడుపులు మాడ్చుకోకండి అని నేనే చెప్పాను. మంగమ్మ ఒప్పుకోలేదు.

"మీ దేవుడు ఎన్ని రోజులన్నాడో నాకు తెలియదు అక్కా. దిబ్బకి మాత్రం పదకొండే" అంది.

పెద్దింటయ్య పడవ నిండా పరిగె చేపలు తెస్తే, దింపొద్దని తిప్పి పంపేశారు. నేను మూలన కూర్చుని ఏడుస్తున్నా ఆ మాట విని కడుపు నిండినట్టయింది. పరాయిదాన్ని కాదని అప్పుడు తెలిసింది నాయనా.

పదిహేనో తేదీ పొద్దున తట్టలు తిరగేశాం. నేనూ వెళ్ళి కూర్చున్నాను.

ఇంకో సంగతి. ఆ రోజుల మధ్యలో ఒక మంగళవారం ఎవరో ముగ్గురు గొలుసు పట్టుకుని వచ్చి దిబ్బంతా కొలిచారట. ఒకతను పుస్తకంలో రాసుకున్నాడట. గట్టు మీద బట్టలు ఉతుకుతున్న మంగమ్మ, ఏమిటండీ అని అడిగితే, ఊరికే ఊరి కొలతలమ్మా అన్నాడట. నీది కాగితాల ఆఫీసే కదా, ఏమైనా తెలుస్తుందేమో చూడు.

పెద్దింటయ్య చేతికి ఎండు పరిగెలూ నాలుగు జెల్లలూ ఇచ్చి పంపుతున్నాను. ఎవరూ లేరు వండి పెట్టడానికి, నువ్వైనా తిను.

నీ అమ్మ
మరియమ్మ


ఏలూరు,
24 ఫిబ్రవరి 1936

అమ్మకు,

ఉత్తరం అందింది. చదివి ప్రభావతి కూడా కన్నీళ్ళు పెట్టుకుంది. తమ్ముడి సంగతి నాకు మాత్రం మరుపు వస్తుందా. ఆఫీసులో కూర్చుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

కొలతల గురించి నువ్వు బెంగపడవద్దు. అన్ని ఊళ్ళలోనూ కొలుస్తున్నారు. మామూలు పని. దిబ్బ మీద ఎవరితోనూ ఆ ప్రస్తావన తీసుకురాకు. ఆడవాళ్ళు లేనిపోనివి ఊహించుకుంటారు.

అమ్మా, నిన్ను ఒక మాట అడగాలని ఉంది. తమ్ముడి తోడు లేకుండా నువ్వు ఇంకా ఆ ఎండలో కూర్చోవడం నాకు ఇష్టం లేదు. నీకు యాభై దాటాయి. నేను ఉద్యోగస్తుణ్ణి. నువ్వు ఇలా ఉండటం చూసి నలుగురూ నన్నేమనుకుంటారు?

ఎండుచేపలు ఇకముందు పంపించకు. కొత్త వీధిలో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ప్రభావతికి ఆ వాసన పడటం లేదు.

ఒంట్లో జాగ్రత్త.

రాజరత్నం


తాడేపల్లిగూడెం,
5 మార్చి 1936

నాయనా రాజరత్నం,

ప్రభావతికి వాసన పడటం లేదని రాశావు. చదివిన దగ్గర్నుంచి లెక్కపెట్టుకుంటున్నాను. ఎన్నో నెల? నా దగ్గర ఆ మాట సూటిగా రాయడానికి సిగ్గుపడ్డావా? ఇద్దరి తర్వాత మూడో బిడ్డ అంటే సిగ్గెందుకు. మగపిల్లవాడైతే పేరు ఏం పెట్టాలో నేను చెప్పక్కర్లేదు. పాత చీర చింపి బొంతలు కుట్టడం మొదలుపెట్టాను. ఇన్నాళ్ళకి ఈ చేతులకి ఒక మంచి పని దొరికింది.

ఇక అసలు సంగతి. సోమవారం ఉప్పు కొట్టు తలుపుకి ఒక నోటీసు అంటించారు. మాలో చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. అందులో మాటలు నాకు కొరుకుడు పడలేదు. మిషను బడి టీచరమ్మ దేవకుమారి గారిని పిలుచుకొచ్చాం. ఆవిడ ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పింది. తనిఖీలో ఆ స్థలంలో ఏ వ్యాపారమూ జరగడం లేదని కనబడిందట. అందుకని అంగడి స్థలాల్లోంచి దిబ్బని తీసేసి, ఇళ్ళు కట్టుకోవడానికి ఇస్తారట. కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే ఏప్రిల్ ఏడో తేదీన ట్రావెలర్స్ బంగళాలో ఆఫీసరు గారి ముందు చెప్పుకోవాలట.

ఏ వ్యాపారమూ లేదంటే ముందు అందరూ నవ్వారు. మంగమ్మ రెండు చేతులూ టీచరమ్మ ముక్కు దగ్గర పెట్టి, మరి ఇవి ఎందుకు కంపు కొడుతున్నాయో ఆ ఆఫీసరు గారినే అడగండమ్మా అంది. టీచరమ్మ తేదీ చదివాక నవ్వు ఆగిపోయింది. ఫిబ్రవరి పదకొండు. మనం తట్టలు బోర్లించి ఉన్న రోజు.

అందరూ నా మొహం చూశారు. తప్పుపట్టి కాదు. నీ గురించి. మీ అబ్బాయి అదే ఆఫీసులో ఉన్నాడు కదా, ఆ రోజులు చావు మైల రోజులని ఒక్క ముక్క రాసిపెడితే చాలు కదా అన్నారు. నేను వెంటనే, మా రాజరత్నం రాస్తాడు, ఈ దిబ్బ మీద ఎండిన చేపతోనే చదువుకున్నాడు అన్నాను. నా మాట మీద అందరూ ఇళ్ళకి వెళ్ళి వంట చేసుకున్నారు.

అర్జీ ఎలా రాయాలో రాసి పంపు. మేమందరం వేలిముద్రలు వేస్తాం. నేను సంతకం పెడతాను. ప్రభావతిని బరువులు ఎత్తనివ్వకు.

నీ అమ్మ, దేవుడు నిన్ను చల్లగా చూడాలని రోజూ అడిగేది,
మరియమ్మ


ఏలూరు,
12 మార్చి 1936

అమ్మకు,

ముందుగా ఒకటి. ప్రభావతికి అలాంటిదేమీ లేదు. బొంతలు కుట్టవద్దు. వాసన పడదు అంటే పడదనే.

నోటీసు సంగతి నాకు తెలుసు. ఆ ఫైలు మా సెక్షనులోనే ఉంది. నువ్వు తొందరపడి నా పేరు ఎందుకు చెప్పావు? గవర్నమెంటు నోటీసు మీద గుమాస్తా తన తల్లి తరఫున అర్జీ రాస్తే ఉద్యోగం ఉంటుందా? ఆలోచించు.

అదీకాక నువ్వు అనుకుంటున్నంత నష్టమేమీ లేదు. గూడెం పెరుగుతున్న ఊరు. రైలు స్టేషనుకి, కాలవకి మధ్య అంత మంచి స్థలం చేపలు ఆరబెట్టడానికే ఉండిపోవాలా? మిల్లు బుచ్చిబాబు గారు అక్కడ తిన్నని వీధులు వేయించి పెంకుటిళ్ళు కట్టిస్తారు. మధ్యలో బావి, వీధి దీపాలు. ప్లాను నేను చూశాను. ఎంత అందంగా ఉందో చెప్పలేను. తూర్పు మూల స్థలం ఒకటి నీ పేర ఇవ్వడానికి ఆయన ఒప్పుకున్నారు. మన వాళ్ళెవరూ ఎన్నడూ కట్టుకోని ఇల్లు అమ్మా. గుమ్మంలో కూర్చుని బైబిలు చదువుకోవచ్చు.

మిగతావాళ్ళకి రైలు గేటు అవతల చోటు చూపిస్తారు. రెండు మైళ్ళు. కొంచెం నడవాలి, అంతే.

కాబట్టి అర్జీలో నీ పేరు ముందు పెట్టకు. వీలైతే అసలు పెట్టకు.

రాజరత్నం


తాడేపల్లిగూడెం,
18 మార్చి 1936

నాయనా రాజరత్నం,

బొంతలు పెట్టెలో పెట్టేశాను. తప్పుగా అనుకున్నాను. చేపలు ఇంక పంపను.

నీ ఉద్యోగానికి ముప్పు వస్తుందని నాకు తట్టలేదు. పోనీలే, నువ్వు రాయొద్దు. అర్జీ దేవకుమారి టీచరమ్మ రాస్తానంది. ఇల్లు మాత్రం నాకు వద్దు. నామీద ఉన్న ప్రేమ కొద్దీ నువ్వు అడిగి ఉంటావు. కానీ వాళ్ళందర్నీ లేపేసిన చోట నేను గుమ్మం వేసుకుని ఎలా కూర్చుంటాను? రైలు గేటు అవతలికి చేప పడవ రాదు. తడి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని రెండు మైళ్ళు నడిస్తే, చేరేసరికి సగం చెడిపోతుంది. ఆ సంగతి నీకు తెలియనిది కాదు. ప్లాను గీసినవాళ్ళకి తెలియదు, అంతే.

ఇక్కడ ఒక పెద్ద రగడ జరిగింది. మంగమ్మ శనివారం నాడు అందరి ముందూ ఒక మాట అంది. ఏడాది పొడుగునా మేం ఎండలో వానలో ఇక్కడే ఉంటాం, ఎప్పుడు వచ్చినా కనబడతాం, సరిగ్గా ఆ పదకొండు రోజుల్లోనే ఎలా వచ్చారు, ఈ ఆనవాయితీ తెలిసినవాడెవడో చెప్పాడు అంది. అప్పుడు ఎవరో పెద్దింటయ్య పేరు ఎత్తారు. అతని పడవ ఏలూరు పోతుంది కదా. ఆ పదకొండు రోజులూ చేప దింపుకోలేదన్న కోపంతో ఎవరికైనా చెప్పి ఉంటాడని. అంతే, మర్నాటి నుంచి ఒక్కరూ అతని పడవ దగ్గరకి వెళ్ళలేదు. తెచ్చిన చేప పడవలోనే పాడైంది. అతను మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. సత్యానందాన్ని మూడేళ్ళు పడవలో కొడుకులా తిప్పుకున్న మనిషి.

"నేను చెప్తానా మరియమ్మా? వాడి చావుని నేను అమ్ముకుంటానా?" అని ఒక్కటే అడిగాడు.

నాకు ఆగలేదు. బైబిలు తీసుకుని దిబ్బ మీదకి వెళ్ళాను. దాని మీద చెయ్యి వేసి, పెద్దింటయ్య చెప్పలేదు, నా గడప తొక్కిన మనిషి ఎవరూ చెప్పలేదు, ఇది అబద్ధమైతే నా సత్యానందానికి పరలోకంలో చోటు లేకుండా పోవాలి అని ఒట్టేశాను. మంగమ్మ వచ్చి నా చెయ్యి దించింది. అంత ఒట్టు ఎందుకక్కా, నువ్వు చెప్తే చాలు అంది. మర్నాడు ఇద్దరు ముగ్గురు పెద్దింటయ్య దగ్గర చేప దింపుకున్నారు. మిగతావాళ్ళు ఇంకా చూస్తున్నారు.

ఎవరు చెప్పారో నీ ఆఫీసులో నీకు తెలిసే వీలుంటే చెప్పు. నీ పేరు బయటికి రానివ్వను. ఆ ముసలాయన మీద మచ్చ పోతుంది.

అమ్మ


ఏలూరు,
23 మార్చి 1936

అమ్మా,

నువ్వు బైబిలు మీద చెయ్యి వెయ్యకుండా ఉండాల్సింది. ఆ ఉత్తరం చదివాక రెండు రోజులు ఆఫీసులో ఏ కాగితం మీద ఏం రాశానో నాకే తెలియదు.

పెద్దింటయ్య కాదు. నేనే చెప్పాను.

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. బుచ్చిబాబు గారి అర్జీ మా ఆఫీసుకి వచ్చి ఏడాదైంది. దిబ్బని ఇళ్ళకి ఇవ్వాలంటే అక్కడ వ్యాపారం లేదని తేలాలి. రెండుసార్లు తనిఖీకి వెళ్ళినవాళ్ళు దిబ్బ నిండా చేపలు చూసి తిరిగొచ్చారు. తమ్ముణ్ణి మట్టిచేసి నేను వచ్చిన మర్నాడు తనిఖీ చేసే అతను పరామర్శించడానికి నా బల్ల దగ్గరికి వచ్చాడు. మాటల్లో తట్టలు బోర్లించే సంగతి చెప్పాను. ఆ ఆడవాళ్ళు మనవాడి కోసం అలా చేస్తున్నారని గొప్పగానే చెప్పాను. సాయంత్రం నేనే ఆయన దగ్గరికి వెళ్ళి, చూడదలుచుకుంటే పదిహేనో తేదీ లోపల చూడండి అన్నాను. మొదటిది నోరు జారిందనుకో. రెండోది తెలిసి అన్నదే. నీ దగ్గర దాచను.

ఎందుకన్నావంటావు. ఇన్నేళ్ళుగా ఇక్కడ నన్ను ఎండుచేపలావిడ కొడుకు అంటున్నారు. నా ఎదురుగా కాదు, నేను గదిలోంచి వెళ్ళాక. అది పోగొట్టుకోవాలనుకున్నాను. నిన్ను ఆ ఎండలోంచి లేపాలనుకున్నాను. రెండూ నిజమే. ఏది ముందో నాకే తెలియదు.

అబద్ధమేమీ చెప్పలేదు అమ్మా. దిబ్బ ఖాళీగా ఉంది, ఉందన్నాను.

ఇప్పుడు నిన్ను వేడుకుంటున్నాను. ఏడో తేదీన ఈ మాట బయటపెడితే నా ఉద్యోగం పోతుంది. పిల్లల చదువు ఆగిపోతుంది. పోయినవాడు ఎలాగూ రాడు. ఉన్నవాణ్ణి చూడు.

రాజరత్నం


తాడేపల్లిగూడెం,
27 మార్చి 1936

రాజరత్నం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పుగా చదివానేమోనని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. తప్పు చదవలేదు.

చదువు రానిదాన్నైనా బాగుండేది. ఎవరిచేతనైనా చదివించుకుంటే, వాళ్ళు మొహమాటపడి సగం దాచేవాళ్ళు.

తమ్ముడి శవపెట్టె నీ భుజం మీదే మోశావు. నేను వెనక నడుస్తూ, ఒకడు పోయినా ఒకణ్ణి మిగిల్చావు ప్రభువా అనుకున్నాను. ఆ భుజం నొప్పి తగ్గకముందే వెళ్ళి చెప్పావన్నమాట.

దిబ్బ ఖాళీగా ఉందన్నావా? ఖాళీ కాదు అది. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు పదకొండు రోజులు నీ తమ్ముడి కోసం చేతులు కట్టుకుని కూర్చున్నారు. మంగమ్మ ఇంట్లో ఆ రోజుల్లో గంజే తాగారు. నాకు చెప్పలేదు. తర్వాత ఇంకెవరో చెప్తే తెలిసింది. అంత నిండుగా ఆ దిబ్బ ఎప్పుడూ లేదు. నువ్వు ఆ దిబ్బ మీద పెరిగినవాడివి కాబట్టే అది ఎప్పుడు ఖాళీగా కనబడుతుందో నీకు తెలిసింది. పరాయివాడికి చేతకాని పని అది.

నాకోసం చేశానన్నావు. నన్నొక్కసారి అడిగావా?

పోయినవాడు రాడు, ఉన్నవాణ్ణి చూడమన్నావు. ఇన్నాళ్ళూ నేను చూసింది ఉన్నవాణ్ణే నాయనా. సత్యానందాన్ని బడికి పంపలేదు, నీ ఒక్కడి చదువుకే చాలేది కాదు కాబట్టి. వాడు ఒక్కనాడూ నన్ను అడగలేదు. అన్నయ్య పంతులు గారిలా రాస్తాడమ్మా అని పడవలో అందరికీ చెప్పుకునేవాడట.

నిన్న మంగమ్మ, అబ్బాయి ఉత్తరం వచ్చిందా అక్కా అని అడిగింది. రాలేదన్నాను. ఉత్తరం అప్పుడు నా కొంగున ముడేసి ఉంది. పెద్దింటయ్య కూడా అక్కడే ఉన్నాడు.

నేను వేసిన ఒట్టు ఏమైందో నాకు తెలియదు. పాదిరి గారిని అడుగుదామని వెళ్ళి, గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. తెలియక వేసిన ఒట్టుకి దేవుడు పిల్లవాణ్ణి శిక్షించడని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఒక్కటి అడుగుతాను. ఏడో తేదీన నువ్వే రా. ఆఫీసరు గారి ముందు నీ నోటితో చెప్పు, ఆ రోజులు మైల రోజులని, తెలిసే పంపానని. నీ పక్కన నేను నిలబడతాను. వాళ్ళు ఏమన్నా ఇద్దరం పడదాం. ఉద్యోగం పోతే పోతుంది. నేను ఇంకా చేప ఎండబెట్టగలను.

రాకపోతే నేను ఏం చేస్తానో నాకే తెలియదు.

అమ్మ


ఏలూరు,
2 ఏప్రిల్ 1936

అమ్మకు,

నేను రాలేను. ఆ రోజు ఫైలు పట్టుకుని రావాల్సిన గుమాస్తాని నేనే. సెలవు పెట్టి తప్పించుకున్నాను.

ప్రభావతికి ఇవేమీ చెప్పలేదు. ఆమె గూడెంలో కట్టబోయే కొత్త ఇంటికి తలుపులు ఎలా ఉండాలో మాట్లాడుతోంది.

నీ పేర పెట్టిన స్థలం కాగితం తయారైంది. నువ్వు ఒక్క పని చెయ్యి. ఆ రోజు ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపో. నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు. రాకుండా ఉండమంటున్నాను. మిగతావాళ్ళు చెప్పుకునేది వాళ్ళు చెప్పుకుంటారు. రుజువు లేకపోతే ఆఫీసరు తనిఖీ రిపోర్టే చూస్తారు. పెద్దింటయ్య సంగతి కొన్నాళ్ళకి అందరూ మర్చిపోతారు.

నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు అమ్మా.

రాజరత్నం


తాడేపల్లిగూడెం,
9 ఏప్రిల్ 1936

రాజరత్నం,

రేపు శుభ శుక్రవారం. గుడికి వెళ్ళేలోపల ఇది రాసెయ్యాలని కూర్చున్నాను. నీ ఆఫీసువాళ్ళు చెప్పేలోపల నా దగ్గర్నుంచే నీకు తెలియాలి.

ఏడో తేదీ పొద్దున్నే ఇరవై ఇద్దరమూ బంగళాకి వెళ్ళాం. మంగమ్మ తలకి నూనె రాసుకుని, పెళ్ళికి వెళ్తున్నట్టు కొత్త రవిక వేసుకుంది. పెద్దింటయ్య పిలవకపోయినా వచ్చి మామిడి చెట్టు కింద ఒక్కడూ కూర్చున్నాడు. బుచ్చిబాబు గారు లోపల కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి నమస్కారం కూడా పెట్టారు, మరియమ్మ గారూ అని. నన్ను గారూ అన్న మొదటి మిల్లు యజమాని ఆయనే.

టీచరమ్మ అర్జీ చదివింది. ఆఫీసరు గారు నిదానమైన మనిషి. అంతా విని, ఇది మైల ఆనవాయితీ అంటున్నారు, కానీ తనిఖీ ఆ రోజునే పడటం యాదృచ్ఛికం కావచ్చు కదా అన్నారు. ఆ మాట అర్థం కాక మేం మొహాలు చూసుకుంటే టీచరమ్మ విడదీసి చెప్పింది, అనుకోకుండా అలా కుదిరి ఉండవచ్చంటున్నారని. మంగమ్మ, అనుకోకుండా కాదండీ, ఎవరో చెప్పారండీ అంది. ఎవరు అని అడిగారు. ఆమె గుమ్మంలోంచి చెట్టు కిందకి చూసింది. నోరు మాత్రం తెరవలేదు. మిగతావాళ్ళూ అటే చూశారు. పెద్దింటయ్య తల దించుకున్నాడు.

అప్పటిదాకా నేను ఏమీ చెప్పకూడదనే ఉన్నాను. నిజంగా చెప్తున్నాను. నీ మాటే గెలిచేలా ఉంది. ఇంట్లో ఉండిపోలేకపోయినా, నోరు మూసుకుని వచ్చేద్దామనుకున్నాను. కానీ ఆ ముసలాయన తల దించుకోవడం చూశాక కాళ్ళు వాటంతట అవే ముందుకి వెళ్ళాయి.

"నాకు ఇద్దరు కొడుకులండీ. ఆ పదకొండు రోజులూ చిన్నవాడివి. పెద్దవాడు వాటిని చూపించి మీ మనుషుల్ని పంపాడండీ" అన్నాను.

ఆఫీసరు గారు కలం పక్కన పెట్టారు. నువ్వు ఏం మాట్లాడుతున్నావో నీకు తెలుసా అమ్మా, కన్నకొడుకు మీద చెప్తున్నావు అన్నారు. తెలుసండీ అన్నాను. రుజువేమిటన్నారు. కొంగు ముడి విప్పి నీ ఇరవై మూడో తేదీ ఉత్తరం బల్ల మీద పెట్టాను. ఆయన చదివి బుచ్చిబాబు గారి వైపు చూశారు. బుచ్చిబాబు గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఎండ వేళ ఆఫీసరు గారు తనే నడిచి దిబ్బకి వచ్చారు. చాపల మధ్య తిరిగారు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకోలేదు. నోటీసు నిలిపివేస్తున్నాను, మళ్ళీ మూడు వేరు వేరు నెలల్లో తనిఖీ చేయించి కానీ ఏదీ తేల్చను అన్నారు. దిబ్బ నిలబడుతుందో లేదో ఇంకా తెలియదు. స్థలం కాగితం నా ముందు పెడితే వద్దని సంతకం పెట్టాను. నీ ఉత్తరం తిరిగి ఇవ్వలేదు. ఫైల్లో పెట్టుకున్నారు. నీకు సంజాయిషీ కాగితం వస్తుందని టీచరమ్మ చెప్పింది.

మేం గెలిచామని ఎవరూ అనలేదు. దారిలో అందరూ నాకంటే ముందు నడిచారు. ఇంటి దగ్గరికి వచ్చాక మంగమ్మ ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"వాడి పదకొండు రోజులూ పాడైపోయాయి కదక్కా. మళ్ళీ చెయ్యలేం" అంది.

నువ్వు ఏం తీసుకున్నావో నాకు అప్పుడు తెలిసింది. తమ్ముడికి వాళ్ళిచ్చినదాన్ని తీసుకున్నావు. అది నాది కాదు, నేను క్షమించెయ్యడానికి. నావరకూ అయితే ఎప్పుడో క్షమించేదాన్నేమో. తల్లిని కదా.

పెద్దింటయ్య మాత్రం సాయంత్రం వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. వెళ్తూ, రాజరత్నం కూడా చిన్నప్పుడు నా పడవ ఎక్కేవాడు అన్నాడు. అంతే.

నిన్న దిబ్బ మీద వాళ్ళందర్నీ ఒక మాట అడిగాను. నేను పోయినప్పుడు మీరు తట్టలు బోర్లిస్తే, పన్నెండో రోజు దాకా ఏలూరుకి కబురు పంపొద్దని. ఎవరూ ఎందుకని అడగలేదు. సరేనన్నారు.

అది నేను పోయాక మాట. బతికుండగా నువ్వు రావాలనుకుంటే రావచ్చు. ప్రభావతినీ పిల్లల్నీ ఎప్పుడైనా పంపు, వాళ్ళ తప్పేమీ లేదు. నువ్వు వస్తే మాత్రం కాలవ గట్టు వెనక దారిన ఇంటికి రావద్దు. చేపలు పరిచి ఉన్న వేళ, దిబ్బ మీదుగా రా. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఏం చేశావో నీ నోటితో చెప్పుకుని అప్పుడు ముందుకి నడు. ఎవరు ఏమంటారో నాకు తెలియదు. నీ తరఫున నేనేమీ అడగను. నీకు ఎదురూ రాను. వరుసలో నాది చిట్టచివరి చోటు.

మరియమ్మ